చక్రమెన్ని సారులు తిరిగినది?

(సాంకేతిక విద్యార్థుల సమావేశమున గావింపబడిన యుపన్యాసము)



స్వదేశీవ్రతమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని ఈ సభాకార్యదర్శిగారు నన్ను గోరిరి. స్వదేశీ యనగానే ఖద్దరును, రాట్నమును, ఉప్పును మన మనస్సునకు వచ్చుట సహజము. వానిని గూర్చి చెప్పదగిన పెద్దలు వేఱుగ గలరు. నేను యంత్రశాలలలో బ్రతుకు గడపినవాడను. కావున నా చేతికి దెలిసిన వస్తువును గూర్చియే మాటలాడ నిశ్చయించుకొని, దానిని జేబులో వేసికొని వచ్చితిని. ఇదిగో చూడుడు! చిటికెనవ్రేలి గోరంత నల్లని పలుక. దానికి రెండు సన్నని కాళ్లు. వెనుక వరుసలవారి కిది కనబడదు. కనబడనంత చిన్నదగుటచేతనే కాబోలు, స్వదేశీ సభలలో దీని ప్రసంగము వచ్చినట్లు నేనెఱుగను.

దీనిని స్పీడు సెన్సరు చిప్పు అందురు. పత్రికలవారికి సెన్సరనగానే గుండె ఝల్లుమనును. దొరల ప్రభుత్వమునాటి యా సెన్సరు వార్తను గొట్టివేయువాడు. ఇది వార్తను దెచ్చునది. తిరుగుచున్న చక్రమును తాకక, దానికి ఒకటి రెండు మిల్లీమీటరుల దూరమున నిలిచి, అది యెంత వేగముగ తిరుగుచున్నదో చెప్పుట దీని పని. కొన్ని రకములు ఏ దిక్కునకు తిరుగుచున్నదో గూడ చెప్పును. అయస్కాంతబలమే దీనికి చూపు. దీనికి తెలుగుపేరు పెట్టుటకై పండితులు తర్జనభర్జనలు చేయుదురు గాక. మన మేస్త్రీలు సెన్సరనియే పిలుచుచున్నారు. నేనును వారి మాటనే గ్రహించెదను.

చక్రపు లెక్క యెవరికి గావలెనని మీరడుగవచ్చును. చినుకుపడి జిడ్డెక్కిన తారురోడ్డుపై మోటారుసైకిలున బోవుచున్న యువకుని తలచుకొనుడు. గేదె యొకటి యడ్డము వచ్చినది. అతడు బెదరి బ్రేకును గట్టిగ బట్టినాడు. చక్రము బిగిసి తిరుగుట మానినది, కాని బండి యాగలేదు. బిగిసిన చక్రముతోనే జారిపోవుచున్నది. జారుచున్న చక్రమునకు హ్యాండిలు మాట వినదు. మనుష్యుడు నేలబడిన తరువాత జరుగునది మీరు చూడనిది కాదు. 2022లో మనదేశపు రోడ్లపై 1,68,491 మంది మరణించిరి. వారిలో నూటికి నలువదినలుగురికి పైగా ద్విచక్రవాహనములపై బోవుచున్నవారే. ఈ జారుటను నివారించుటకే ఏ.బి.ఎస్. అను సాధనము పుట్టినది. జర్మనీలో 1978లో పెద్ద కార్లకు మొదట అమర్పబడిన యీ సాధనము, మనదేశమున 125 సి.సి.లకు మించిన క్రొత్త నమూనా ద్విచక్రవాహనములకు 2018 ఏప్రిల్ 1 నుండియు, అట్టి వాహనముల కన్నింటికిని 2019 ఏప్రిల్ 1 నుండియు విధిగా జేయబడినది.

ఈ సాధనము చేయు పని తెలియగనే మన చిప్పు మహిమయు దెలియును. చక్రము ప్రక్కన చీలికలుగల యుక్కు వలయమొకటి దానితోపాటు తిరుగుచుండును. దానికి 48 చీలికలున్నవనుకొందము. చక్రమొకసారి తిరిగిన బండి సుమారు రెండు మీటరులు పోవును. బండి గంటకు 72 కిలోమీటరుల వేగముతో బోవుచున్నదన్న సెకనుకు 20 మీటరులు. అనగా చక్రము సెకనుకు పదిసారులు తిరుగుచున్నది. చీలికలు 480 చిప్పు ముందునుండి దాటిపోవుచున్నవి. చిప్పు ఒక్కొక్కదానిని లెక్కించి తెలుపుచుండును. చక్రము బిగియబోవుచున్న క్షణమున ఒక చీలికకును తరువాతిదానికిని నడుమ నున్న కాలము హఠాత్తుగ సాగును. అది చూచి లోని కంప్యూటరు బ్రేకును సడలించును. చక్రము మరల తిరుగగనే మరల బిగించును. సెకనులో ననేక పర్యాయము లిట్లు జరుగును. మనుష్యుని చేతి కిది సాధ్యము గాదు. ఆ లెక్క తప్పెనా, కంప్యూటరు గ్రుడ్డిది.

ఇంక నీ చూపు ఎక్కడినుండి వచ్చినదో చెప్పెదను. ఈ కథ విద్యార్థులకు ముఖ్యముగ తెలియవలసినది. 1879లో అమెరికాలోని బాల్టిమోరు నగరమున, జాన్స్ హాప్కిన్సు విశ్వవిద్యాలయమున ఎడ్విన్ హాల్ అను విద్యార్థి యుండెను. అతడు మాక్స్వెల్లు మహాశయుని విద్యుద్గ్రంథమును చదువుచుండగా, తీగలో బ్రవహించుచున్న విద్యుత్తు నయస్కాంతము నెట్టదు, తీగను మాత్రమే నెట్టునను నర్థమిచ్చు వాక్యము గనబడెను. అది యతనికి నచ్చలేదు. మాక్స్వెల్లు వ్రాసినది తప్పేమో యని అనుమానించుట కెంత ధైర్యము గావలెనో యోచింపుడు! గురువైన రోలండు అతనిని కూర్చుండుమనలేదు. తానును అదే సందేహముతో నొకప్పుడు ప్రయోగము చేసి విఫలుడనైతినని చెప్పి ప్రోత్సహించెను. దళసరి లోహముతో ఫలము గనబడలేదు. పిమ్మట పల్చని బంగారు రేకును గాజుపలకపై నంటించి, దానిలో విద్యుత్తును నడపి, బలమైన విద్యుదయస్కాంతపు ధ్రువముల నడుమ నుంచి చూడగా, రేకు రెండు ప్రక్కల నడుమ సన్నని వోల్టేజి పుట్టెను. ప్రవాహము ప్రక్కకు నెట్టబడినదన్నమాట! ఎలెక్ట్రానును థాంసన్ కనుగొన్నది 1897లో. అనగా నెట్టబడుచున్న దేదో తెలియకముందే, నెట్టబడుచున్నదని మాత్రమీ విద్యార్థి కనిపెట్టెను. దానికి హాల్ ఫలితమని పేరు. నా చేతిలోని పలుకలో బంగారు రేకునకు బదులు సిలికాను రేకున్నది. తక్కిన సూత్రమంతయు ఆ విద్యార్థిదే.

చిప్పు వెనుక చిన్న అయస్కాంతమొకటి యుండును. ఎదుటికి ఉక్కుపన్ను వచ్చినపుడు బలరేఖలు దానివైపు గుమిగూడును. ఖాళీ వచ్చినపుడు చెదరును. ఈ హెచ్చుతగ్గులను సిలికాను రేకు వోల్టేజిగ మార్చును. కొన్ని కార్లలో చక్రపు బేరింగునందే అయస్కాంతపు పొడి కలిపిన రబ్బరు వలయముండును. దానిపై ఉత్తర దక్షిణ ధ్రువములు ఒకదాని తరువాత నొకటిగ ముద్రింపబడియుండును. అప్పుడు వెనుక అయస్కాంత మక్కఱలేదు. పూర్వపు సెన్సరులలో ఇంత లేదు. అయస్కాంతమునకు జుట్టిన తీగచుట్ట మాత్రమే యుండెడిది. అది చవుక, మొండిది. నేటికిని కొన్ని యింజనులలో నున్నది. కాని చక్రము మెల్లగ తిరిగినపుడు దాని గొంతు వినబడదు. హాల్ చిప్పు చక్రము దాదాపు నిలుచుచున్నపుడును పలుకును.

వినుట కింతే. చేయుట యటుగాదు. సిలికాను రేకులో బుట్టు వోల్టేజి, వోల్టులో వేయవవంతు దరిదాపున నుండును. చిప్పునకు ప్లాస్టికు తొడుగు దొడిగినప్పటి యొత్తిడికే రేకులో అబద్ధపు వోల్టేజి పుట్టును, వేడిమికి మాఱును, కాలము గడచినకొలది జరుగును. నిజపు వోల్టేజికన్న అబద్ధపు వోల్టేజి పెద్దదగుటయు గలదు. దీనికి కనిపెట్టిన యుపాయము నాకు మిక్కిలి యిష్టము. రేకులో విద్యుత్తును ఒక దిశగా మాత్రమే నడపక, క్షణక్షణము తొంబది డిగ్రీలు త్రిప్పి నాలుగు దిశలనుండియు నడపుదురు. అట్లు త్రిప్పినపుడు ఒత్తిడివలన బుట్టిన యబద్ధము గుర్తు మార్చుకొనును; అయస్కాంతమువలన బుట్టిన నిజము మాఱదు. అన్నిటిని గలిపి సగటు తీసిన అబద్ధ మడగి నిజము నిలుచును. మన గ్రామ పంచాయితీలలో ఒకే సాక్షిని నాలుగు విధముల ప్రశ్నించుట లేదా? ఇదియు నట్టిదే.

అంతతో దీరలేదు. ప్రక్కనున్న మోటారుయొక్కయు, బరువైన తీగలయొక్కయు అయస్కాంతబలమును గూడ ఈ రేకు చూచును. అందుచేత రెండు రేకులను రెండు మిల్లీమీటరుల యెడముగ నుంచి వాని భేదమును మాత్రమే గ్రహింతురు. దూరమునుండి వచ్చు బలము రెంటిపైనను సమానముగ బడి కొట్టివేయబడును. ఎదుటి పన్ను మాత్రము ఒకదానిపై నెక్కువగ, రెండవదానిపై తక్కువగ బడును. బండి నిలిచియుండి యింజను మాత్రమే ఆడుచున్నపుడు పన్ను ముందు వెనుకలకు వణకును. ఆ వణకును నడకగ నెంచరాదు. వాహనములో మీట త్రిప్పిన ప్రతిసారియు మొదటి రెండు మూడు పండ్లను జూచి, వాని హెచ్చును తగ్గును నడిమి గీతయు తానే నిర్ణయించుకొనవలెను. సున్నకు క్రింద 40 డిగ్రీల చలినుండి 150 డిగ్రీల వేడివఱకు నిది పనిచేయవలెను. బ్రేకుదుమ్ము, ఉప్పుగాలి, బురదనీరు భరింపవలెను. ఇంత చేసి తుదకు పలుకు పలుకు రెండే మాటలు. కాళ్లు రెండే గదా! తనకు భోజనముగ వచ్చు విద్యుత్తునే హెచ్చించి తగ్గించి మాటలాడును: 7 మిల్లీయాంపియరులన్న ఒక మాట, 14 మిల్లీయాంపియరులన్న రెండవ మాట. తీగ తెగిన ఏ మాటయు రాదు. రాకపోవుటయే తీగ తెగినదను వార్త. ఇంత పొదుపైన భాషను నేను మఱియెందును జూడలేదు.

హాల్ ఫలితమొక్కటియే మార్గమనుకొనరాదు. ఇనుములో అయస్కాంతదిశను బట్టి విద్యున్నిరోధము మాఱునని 1850 ప్రాంతముల విలియం థాంసన్, అనగా తరువాతి కెల్విన్ ప్రభువు, కనిపెట్టెను; ఆ సూత్రముపై నడచు చిప్పులును గలవు. 1988లో ఫెర్టు, గ్రూన్‌బెర్గు అను నిద్దఱు వేర్వేఱుగ మిక్కిలి పల్చని లోహపు పొరలలో అంతకన్న నెన్నోరెట్లు పెద్ద మార్పును జూచి 2007లో నోబెలు బహుమానమును బొందిరి. 1995లో అమెరికాలో జగదీశ్ మూదేరయు, జపానులో మియజాకియు గది వేడిమియందే అంతకన్నను తీక్ష్ణమైన మఱియొక ఫలితమును సాధించిరి. ఆ మూదేర మనదేశమున బుట్టి, మద్రాసు ఐ.ఐ.టి.లో పరిశోధన చేసినవాడని తెలిసినపుడు నాకు సంతోషమును గలిగినది, వెంటనే చింతయు గలిగినది.

ఇది బండ్లకు మాత్రమే సంబంధించిన ముచ్చట గాదు. తిరుగు ప్రతి యంత్రమునకును ఈ లెక్క కావలెను. సిమెంటు ఫ్యాక్టరీ బెల్టు ఆగినదా, జారినదా. పంపు తిరుగుచున్నదా, బిగిసినదా. లేతు మొల నిమిషమునకెన్ని చుట్లు తిరుగుచున్నది. ఇవి యన్నియు నేడు సెన్సరులే చెప్పుచున్నవి. కారు యింజను క్రాంకునకు అమర్చిన చక్రమునకు సాధారణముగ 60 పండ్ల చోటుండి, అందు రెండు తీసివేయబడి యుండును. ఒక్కొక్క పన్ను ఆరు డిగ్రీలు. లేని రెండు పండ్లచోటు వచ్చినపుడు యింజను ఒక చుట్టు తిరిగినదని గుర్తు. ఆ గుర్తు లేనిదే పెట్రోలు ఎప్పుడు చిమ్మవలెనో తెలియదు, బండి కదలదు.

నేనొకప్పుడు పనిచేసిన నూలుమిల్లులో జరిగినది చెప్పెదను. వేయికి పైగా కదుళ్లున్న రింగు ఫ్రేము. పూర్వము మేము చేతిలో టాకోమీటరు బట్టుకొని రోలరు చుట్లను లెక్కించెడివారము. క్రొత్త ఫ్రేమున ఆ పని సెన్సరుది. ఒకనాటి రాత్రి షిఫ్టులో అది చచ్చినది. రోలరు తిరుగుచున్నదని మా కన్నులకు గనబడుచున్నది. తిరుగుట లేదని యంత్రము వాదించుచున్నది. నడపనియ్యలేదు. ఆ చిన్న భాగము దేశములో నెక్కడను దొరకలేదు. విదేశమునుండి వచ్చుటకు పదునొకండు దినములు పట్టినది. పర్మనెంటు పనివారికి వేఱు ఫ్రేములపై పని చూపిరి. బదిలీ కూలీలు రోజును గేటువద్దకు వచ్చి, పని లేదనిపించుకొని, తిరిగిపోయిరి. పార్సిలు వచ్చిన దినమున విప్పి చూచితిమి. పైతొడుగు, తీగ, మరచుట్టు ఎంత, లోని పలుక యెంత! ఒక పూట టిఫిను వెలచేయని పలుకకై పదునొకండు దినముల కూలి పోయినది. రాట్నపు కదురు వంగిన పల్లెలోని కమ్మరి సరిచేసెడివాడు. వేయి కదుళ్లను నిలిపివేయగల పలుకను సరిచేయు కమ్మరి మనకు లేడు. ఆ రాత్రినుండియే నేను దీనిని గూర్చి విచారింప మొదలిడితిని.

రైళ్లకును ఇదియే గతి. రెండు బండ్లు ఢీకొనకుండ నడ్డగించు కవచ్ అను సాధనము మనదేశమున రూపొందినది. అందుకు పూనుకొన్న కంపెనీలలో హైదరాబాదువి గలవు. తొలి పరీక్షలు మన దక్షిణ మధ్య రైల్వేలోనే జరిగినవి. 2022 మార్చి 4వ తేదీన గుల్లగూడ, చిట్గిద్ద స్టేషనుల నడుమ రెండింజనుల నెదురెదురుగ నడపి చూపిరి. 380 మీటరుల దూరముండగనే యింజను తానుగ నాగినది. గర్వింపదగిన విషయమే. పట్టాల నడుమ నమర్చిన గుర్తులను దాటుచున్నపుడు ఇంజను తానెచ్చట నున్నదో తెలిసికొనును. ఒక గుర్తునకును మఱియొకదానికిని నడుమ చక్రపు చుట్లను లెక్కించుకొనియే పోవలెను. ఆ లెక్కించు సాధనములు కొన్ని కాంతితోను, కొన్ని అయస్కాంతముతోను బనిచేయును. మెదడు మనది, చుట్లు లెక్కించు కన్నులోని చిప్పు ఎచ్చటిదని అడిగి చూచుకొనుట తప్పుగాదు.

ఎచ్చటిది? నేను విప్పి చూచిన సెన్సరులలో తొడుగు, తీగ, అమరిక తఱుచుగ మనదేశమున జరిగినవే. లోని పలుక మాత్రము ఇన్ఫినియన్, అల్లెగ్రో, మెలెక్సిస్, ఎన్.ఎక్స్.పి. వంటి పరదేశపు సంస్థలది. యూరపులోనో, అమెరికాలోనో పుట్టి, మలేషియాలోనో, ఫిలిప్పైన్సులోనో తొడుగు దొడిగికొని, మన రేవులకు వచ్చును. 2024-25లో మనదేశమున సుమారు 1 కోటి 96 లక్షల ద్విచక్రవాహనములు అమ్ముడుపోయినవి. ఇంత పెద్ద సంత మఱియొక దేశమునకు మిక్కిలి యరుదు. సంత మనది, సరకు పరులది యను మాట వినగా మీకు పాత మాంచెస్టరు గుడ్డల కథ జ్ఞప్తికి రాలేదా? నాకు వచ్చినది, కాని ఒక భేదము గలదు. మాంచెస్టరు గుడ్డ మానినవాడు ముదుక గుడ్డతో బ్రతుకగలడు. చిప్పు మానినవాడు బ్రేకులేని బండి నెక్కలేడు.

ఈ యాధారపడుటవలని నొప్పి మనము చవిచూచినదే. 2021లో లోకమంతట చిప్పుల కఱవు వచ్చినది. ఆ సెప్టెంబరులో, దేశమున నెల్లరికన్న నెక్కువ కార్లు చేయు సంస్థ హర్యానాలోను, గుజరాతులోను తమ యుత్పత్తి మామూలులో నూటికి నలువదివంతులకు పడిపోవునని ప్రకటించినది. కార్లు సిద్ధముగ నిలిచియుండగా పలుకలకై ఎదురుచూచిరి. 2025 ఏప్రిలులో చైనా ప్రభుత్వము సమేరియము మొదలగు నరుదైన లోహములపై ఎగుమతి నిర్బంధము విధించినది. సమేరియము పేరెందుకెత్తితిననగా, ఇంజను వేడిమికి ఓర్చుకొనునట్టి సెన్సరుల వెనుక నుండు చిన్న అయస్కాంతము తఱుచుగ సమేరియము, కోబాల్టు కలసినది. పలుకకొక దేశము, దాని వెనుకనున్న అయస్కాంతమునకు మఱియొక దేశము!

ఇంతవఱకు చెప్పినది విని, ఇది మనకు లొంగని విద్యయని నిరుత్సాహపడువారుందురు. వారికే నేను ముఖ్యముగ చెప్పదలచినది. చిప్పులనగానే పత్రికలలో రెండు నానోమీటరులు, మూడు నానోమీటరులని చదువుచున్నారు. ఆ సూక్ష్మశిల్పము నేడు లోకములో వ్రేళ్లపై లెక్కింపదగిన వారిది. దానికి ధనరాసులు గావలెను. మన స్పీడు సెన్సరున కది యక్కఱలేదు. దీనికి గావలసిన రేకు కొంత వెడల్పుగనే యుండవలెను. ప్రక్కనున్న సాధనములు వాహనపు బ్యాటరీ యొక్క దెబ్బలను భరింపవలెను. కావుననే నేటికిని ఇట్టి చిప్పులు 180, 350 నానోమీటరుల పాత శిల్పముతో చేయబడుచున్నవి. ఆ 180 నానోమీటరుల శిల్పము మనదేశమున, పంజాబులోని మొహాలీ యందున్న ప్రభుత్వ కర్మాగారమున నున్నది. అచ్చట 1984లోనే చిప్పులు చేయ మొదలిడిరి. 1989లో అగ్నిప్రమాదమున ఆ కర్మాగారము దగ్ధమైనది. ఆ మంట మన దేశమును ఎన్ని యేండ్లు వెనుకకు నెట్టినదో తలచిన నాకిప్పటికిని కడుపు మండును. అయినను అది తిరిగి లేచినది. రాకెట్టులను నడపుటకై రూపొందిన విక్రమ్ అను 32 బిట్టుల ప్రాసెసరును అచ్చటనే చేసి 2025 సెప్టెంబరులో ప్రధానమంత్రి చేతికిచ్చిరి. రాకెట్టునకు మెదడు చేయగలిగిన శాల, మోటారుసైకిలునకు కన్ను చేయలేదా?

అయస్కాంతమును గూర్చియు ఇంతే. మన కోస్తా యిసుకలలో, భీమునిపట్టణపు తీరమునను, శ్రీకాకుళపు తీరమునను, మోనజైటు గలదు. దేశపు మోనజైటు నిల్వలలో ఆంధ్రప్రదేశముది పెద్దవాటా. విశాఖపట్టణమున సమేరియము కోబాల్టు అయస్కాంతములు చేయు ప్రభుత్వ శాలను 2023 మేలో ప్రారంభించిరి. దాని శక్తి ఏటికి 3,000 కిలోలు. ఇది చాల చిన్నదనువారు గలరు. పెద్ద మోటారులకు చిన్నదే. కాని సెన్సరు వెనుకనుండు అయస్కాంతము ఒక గ్రాము దరిదాపుది. లెక్క మీరే వేసికొనుడు: కిలోకు వేయి. తొడుగు దొడుగు పనికి 2025 ఆగస్టులో కేంద్రప్రభుత్వ మనుమతించిన శాలలలో నొకటి ఆంధ్రప్రదేశమునకు వచ్చినది. ఏటికి 9 కోట్ల 60 లక్షల చిప్పులకు తొడుగు దొడుగుటకని దాని యుద్దేశము. రూపకర్తల కొదువ యసలే లేదు. లోకపు చిప్పు రూపకర్తలలో ఐదవవంతు భారతీయులే యని ప్రభుత్వము చెప్పుచున్నది. బెంగుళూరులోను హైదరాబాదులోను కూర్చుండి వారు పరదేశపు సంస్థలకు గీతలు గీయుచున్నారు.

అన్నియు నుండగా లేనిదేమి? నా యభిప్రాయమున లేనివి రెండు: ఓర్పు, మొదట కొనువాడు. వాహనపు చిప్పులను పరీక్షించుటకు ఏ.ఈ.సి. క్యూ100 అను నియమావళి గలదు. వేర్వేఱు మూడు విడతలనుండి 77 చొప్పున చిప్పులను దీసి, వేయిగంటలు వేడిలో పనిచేయించి చూడవలెను, ఒక్కటియు చావరాదు. ఇది యనేక పరీక్షలలో నొకటి. ఇవి యన్నియు ముగియుటకు సంవత్సరములు గడచును. తరువాత వాహనసంస్థ తన బండిలో నుంచి మఱి రెండేండ్లు చూచును. అన్ని యేండ్లును చిప్పు చేసినవాడు అమ్ముడుపోక జీతములిచ్చుచు గూర్చుండవలెను. మన ధనికుల కీ యోర్పు తక్కువ. ఇల్లు కట్టి యద్దెకిచ్చిన మొదటి నెలనుండియే వచ్చును గదా! ప్రభుత్వపు సొమ్ము పెద్ద గోడలు లేపుటకు వెళ్లుచున్నది. 2021 డిసెంబరులో 76,000 కోట్ల రూపాయల ప్రణాళిక ప్రకటించిరి. దానిని నేను తప్పుబట్టను. కాని ఈ పలుకవంటి చిన్న సరకును మొదట కొనెదమని ఒక వాహనసంస్థయైన ముందుగ వ్రాసియిచ్చిన, దానివలని మేలు ఒక గోడకన్న నెక్కువ.

ఇక్కడ నొక హెచ్చరిక చేయక తప్పదు. స్వదేశీ మిత్రులు కోపింపరాదు. స్వదేశీ పేరుతో పనికిమాలిన సరకును ప్రజల మెడకు గట్టుట నాకు సమ్మతము గాదు. ముదుక ఖద్దరు కట్టినవాని యొడలు కొంచెము గీసికొనును. తప్పులెక్క చెప్పు చిప్పు ప్రాణము దీయును. పై పరీక్షలలో ఒక్కటియైన తగ్గించి మనవారిని గట్టెక్కింపుమని అడుగువాడు స్వదేశీకి మిత్రుడు గాడు. పరదేశపు పలుకకన్న మన పలుక పదిలక్షలలో ఒక్కటియైన నెక్కువ చెడినయెడల, దానిని బండిలో నుంచవలదని మొదట చెప్పువాడను నేనే. వెల కొంచెమెక్కువైన సహింపవచ్చును. లెక్క తప్పిన సహింపరాదు.

1910లో మచిలీపట్టణమున కోపల్లె హనుమంతరావుగారును, వారి మిత్రులును ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించినపుడు, పుస్తకవిద్యతోపాటు చేతిపనులను యంత్రవిద్యను జోడించిరి. సుత్తి పట్టిన చేయియే దేశమును నిలుపునని వారి నమ్మకము. నేడు మీ కళాశాలలలో హాల్ ఫలితము ప్రయోగశాలలో నున్నది, నేను విచారించితిని. బల్లపై అమరిక యుండును. విద్యార్థి వచ్చి, మీట నొక్కి, నాలుగంకెలు వ్రాసికొని, పోయినయేటి రికార్డుతో సరిచూచుకొని, సంతకము పెట్టించుకొని పోవును. అంకెలు సరిపోవనిచో తన యంకెలనే దిద్దుకొనును! హాల్ తన యంకెలను దిద్దుకొనలేదు. మాక్స్వెల్లు వాక్యమునే దిద్దెను. ఆ ప్రయోగమును మఱియొక విధముగ చేయుడని మీ యుపాధ్యాయులను గోరుచున్నాను. చిప్పును వేడినీటి గిన్నె ప్రక్కనుంచి చూడుడు. దానిని బిగించు మరను గట్టిగ బిగించి చూడుడు. ఎడము పెంచి చూడుడు. అబద్ధపు వోల్టేజి యెక్కడినుండి వచ్చినదో వెదకుడు. అంకెలు సరిపోని చోటనే పని గలదు.

నా మాటలు చాలించి వస్తువునే చూపెదను. బల్లమీదనున్న యీ పండ్లచక్రము పాత మోపెడునుండి విప్పినది. పండ్లెన్నియో నేను చెప్పను. దీనికి ఒక మిల్లీమీటరు ఎడముగ ఈ పలుకను బిగించితిని. ప్రక్కన చిన్న దీపమున్నది. పన్ను దాటినపుడెల్ల వెలుగును. పలుక విదేశపుదే, మనది దొరికిన దానినే తెచ్చియుందును. ముందు వరుసవారు దయచేసి లేచి రండు. చక్రమును మిక్కిలి మెల్లగ త్రిప్పుడు. దీపమునే చూచుచు, చక్రమును జూడక, పండ్లను లెక్కింపుడు. తరువాత చేతితో నెంచి సరిచూచుకొందము.